జలపాతం చెంతనే ఉన్నా చిక్కిపోయిన నగరం: నయాగరా ఫాల్స్ పునరుద్ధరణ ఎందుకింత కష్టమవుతోంది?

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రానికి పశ్చిమపు అంచున, కెనడా సరిహద్దును ఆనుకుని నయాగరా ఫాల్స్ అనే నగరం ఉంది. ప్రపంచ ప్రసిద్ధి చెందిన నయాగరా జలపాతం ఆ నగరపు ప్రధాన వీధుల నుంచి కాలినడకన వెళ్లగలిగేంత దగ్గర. జలపాతాన్ని చూసేందుకు అమెరికా వైపున ఉన్న స్టేట్ పార్కుకు ఏటా 80 లక్షలకు పైగా సందర్శకులు వస్తారని అధికారిక అంచనా. అయినప్పటికీ 1960 జనాభా లెక్కల్లో 1,02,394 మంది ఉన్న నగరంలో 2020 నాటికి మిగిలింది 48,671 మంది మాత్రమే. వారిలోనూ సుమారు నాలుగో వంతు మంది దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నారు.

పర్యాటక పట్టణం క్షీణించిందంటే యాత్రికులు రావడం మానేశారని ఎవరైనా అనుకుంటారు. నయాగరా ఫాల్స్ విషయంలో అది నిజం కాదు. యాత్రికులు ఎప్పుడూ తగ్గలేదు. ఉదయం కారులో వచ్చి, పార్కులో బండి నిలిపి, జలపాతం చూసి, పడవ ఎక్కి దిగి, సాయంత్రానికి వెళ్లిపోతారు. నగరంలో అడుగు పెట్టేవారు కొద్దిమంది. జలపాతం వల్ల పుట్టే సంపద నీటి రూపంలో, విద్యుత్ రూపంలో, పార్కింగ్ రుసుము రూపంలో నగరాన్ని తాకకుండానే బయటకు పోతుంది. అరవై ఏళ్లుగా సాగుతున్న పునరుద్ధరణ ప్రయత్నాల జయాపజయాలను అర్థం చేసుకోవాలంటే ముందుగా ఈ సంపద ఎటు పోయిందో చూడాలి.

రెండు ఒడ్లు, రెండు దారులు

ఈరీ సరస్సు నుంచి ఒంటారియో సరస్సుకు సుమారు 58 కిలోమీటర్లు ప్రవహించే నయాగరా నది మధ్యదారిలో గోట్ ఐలాండ్ అనే ద్వీపం వద్ద చీలి కిందికి దూకుతుంది. నీటిలో దాదాపు తొంభై శాతం అంతర్జాతీయ సరిహద్దు మీదున్న హార్స్‌షూ జలపాతం గుండా పోతుంది. మిగిలినది అమెరికన్ జలపాతం, దాని పక్కనే ఉన్న సన్నని బ్రైడల్ వెయిల్ జలపాతం గుండా పడుతుంది. మూడింటి ముఖమూ కెనడా వైపే. అందువల్ల ఎదురుగా నిలబడి మొత్తం దృశ్యాన్ని చూసే భాగ్యం కెనడా ఒడ్డుకు దక్కింది. అమెరికా ఒడ్డున నిలబడినవారు జలపాతానికి అతి సమీపంలో ఉంటారు కానీ దాన్ని పక్క నుంచి చూస్తారు.

పందొమ్మిదో శతాబ్దపు ద్వితీయార్ధం నాటికి అమెరికా ఒడ్డు మిల్లులతో, దుకాణాలతో, కంచెలతో నిండిపోయింది. డబ్బు చెల్లించకుండా జలపాతాన్ని చూడగలిగే చోటు లేకుండా పోయింది. దీనిపై చిత్రకారుడు ఫ్రెడరిక్ చర్చ్, ఉద్యానవన శిల్పి ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ తదితరులు ఉద్యమం నడిపారు. ఫలితంగా న్యూయార్క్ ప్రభుత్వం ఆ భూములను కొని 1885 జులైలో నయాగరా రిజర్వేషన్‌ను ప్రజలకు తెరిచింది. అమెరికాలోని అత్యంత పురాతన స్టేట్ పార్కు ఇదే. ప్రవేశం ఈనాటికీ ఉచితం. కెనడాలోని ఒంటారియో రాష్ట్రం కూడా అదే సంవత్సరం చట్టం చేసి, 1888లో క్వీన్ విక్టోరియా పార్కును ప్రారంభించింది.

రెండు పార్కుల ఆశయం ఒక్కటే అయినా వాటిని నడిపే పద్ధతి వేరు. ఒంటారియో వైపున నయాగరా పార్క్స్ కమిషన్ తన దుకాణాలు, భోజనశాలలు, పార్కింగ్, ప్రదర్శనశాలల ఆదాయంతోనే నడుస్తుంది, ఆ ఆదాయాన్ని ఆ ఒడ్డునే ఖర్చు చేస్తుంది. న్యూయార్క్ వైపు పార్కు రాబడి రాష్ట్ర వ్యవస్థకు చెందుతుంది. దానిపై నగరపాలక సంస్థకు హక్కు లేదు. అమెరికా నగరాలు ప్రధానంగా ఆస్తి పన్ను మీద బతుకుతాయి. ఇక్కడేమో నది వెంట ఉన్న విలువైన భూమిలో అధిక భాగం రాష్ట్ర ప్రభుత్వానిది. దానిపై పన్ను ఉండదు.

విద్యుత్తు తెచ్చిన వైభవం

ఇంతటి చిక్కు ఉన్నా నగరం చాలా దశాబ్దాలు సిరిసంపదలతో వర్ధిల్లింది. ఆ సిరి పర్యాటకం వల్ల వచ్చింది కాదు. నికోలా టెస్లా రూపొందించిన ఆల్టర్నేటింగ్ కరెంట్ విధానంతో, వెస్టింగ్‌హౌస్ యంత్రాలతో 1895లో ఇక్కడ ఆడమ్స్ విద్యుత్ కేంద్రం పని ప్రారంభించింది. 1896 నవంబరులో సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని బఫెలో నగరానికి విద్యుత్తు చేరింది. పెద్ద మొత్తంలో విద్యుత్తును దూరప్రాంతానికి పంపగలమని లోకానికి రుజువు చేసిన ఘట్టాల్లో ఇదొకటి. గోట్ ఐలాండ్‌లో టెస్లా విగ్రహం ఉండటానికి కారణమూ ఇదే.

చౌక విద్యుత్తు కోసం అల్యూమినియం, కార్బొరండం, క్లోరిన్ పరిశ్రమలు బారులు తీరాయి. గోధుమలతో అల్పాహారం తయారుచేసే ష్రెడెడ్ వీట్ కంపెనీ 1901లో ఇక్కడ కర్మాగారం కట్టి, ఆ భవనం బొమ్మనే తన డబ్బాల మీద ముద్రించుకుంది. కర్మాగారాన్ని చూడటానికి కూడా యాత్రికులు వచ్చేవారు. కొత్త దంపతులు విహారానికి వెళ్లే చోటుగా అప్పటికే పేరున్న పట్టణానికి 1953లో మార్లిన్ మన్రో నటించిన ‘నయాగరా’ చిత్రం మరింత ప్రచారం తెచ్చింది. అప్పట్లో నగరానికి ఒక చేతిలో కర్మాగారాల జీతాలు, మరో చేతిలో విహారయాత్రల రాబడి ఉండేవి. మొదటిది పోయాక రెండోది ఎంత బలహీనమో బయటపడింది.

1956 జూన్ 7న కొండచరియ విరిగిపడి షోల్‌కాఫ్ విద్యుత్ కేంద్రంలో అధిక భాగం నదిలో కూలిపోయింది. ఒక కార్మికుడు మరణించాడు. మరుసటి ఏడాది అమెరికా కాంగ్రెస్ ప్రత్యేక చట్టం చేసింది. న్యూయార్క్‌లో రహదారులు, వంతెనల నిర్మాణంపై దశాబ్దాలపాటు తిరుగులేని అధికారం చలాయించిన రాబర్ట్ మోజెస్ నేతృత్వంలో, నగరానికి దిగువన ఉన్న లూయిస్టన్ వద్ద కొత్త జలవిద్యుత్ ప్రాజెక్టు నిర్మాణమై 1961లో ఉత్పత్తి మొదలుపెట్టింది. జలాశయం కోసం టస్కరోరా ఆదివాసుల భూమిలో సుమారు 550 ఎకరాలు ముంపునకు గురైంది. వారు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1960లో ఓడిపోయారు.

నీటి లెక్క తెలుగు పాఠకులకు సులువుగానే అర్థమవుతుంది. 1950లో అమెరికా, కెనడా కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం పర్యాటక కాలంలో పగటిపూట జలపాతం మీదుగా కనీసం లక్ష క్యూసెక్కులు పారాలి. రాత్రివేళల్లో, శీతకాలంలో 50 వేల క్యూసెక్కులు వదిలితే చాలు. మిగిలిన నీరు సొరంగాల గుండా టర్బైన్లకు వెళ్తుంది. అంటే యాత్రికులు చూసే నయాగరా కొలిచి వదిలిన నయాగరా. శరావతి నీటిని లింగనమక్కి జలాశయంలో నిలిపివేశాక వానకాలం దాటితే సన్నబడిపోయే కర్ణాటకలోని జోగ్ జలపాతంతో పోలిస్తే మాత్రం, ఇక్కడ దృశ్యానికి చట్టబద్ధమైన వాటా దక్కిందని చెప్పాలి.

ఆ వాటా నగరవాసుల ఉపాధికి దక్కలేదు. 1960ల తర్వాత పరిశ్రమలు ఒక్కొక్కటే మూతపడ్డాయి, లేదా తరలిపోయాయి. మిగిల్చి వెళ్లిన వాటిలో విషం కూడా ఉంది. హుకర్ కెమికల్ కంపెనీ 1942 నుంచి 1953 వరకు లవ్ కెనాల్ అనే పాత కాలువలో సుమారు 20 వేల టన్నులకు పైగా రసాయన వ్యర్థాలను పూడ్చింది. ఆ స్థలాన్ని ఒక డాలరుకు పాఠశాలల బోర్డుకు అప్పగించింది. అక్కడ బడి, ఆ చుట్టూ ఇళ్లు వెలిశాయి. 1978 ఆగస్టులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ అత్యవసర పరిస్థితి ప్రకటించారు. వందలాది కుటుంబాలను తరలించారు. కలుషిత స్థలాలను శుభ్రం చేసే సూపర్‌ఫండ్ చట్టం 1980లో రావడానికి ఈ ఉదంతమే ప్రధాన ప్రేరణ. దేశానికి ఒక చట్టం దక్కింది. నయాగరా ఫాల్స్ పేరు విన్న అమెరికన్లకు మాత్రం హనీమూన్‌తో పాటు విషపు కాలువ కూడా గుర్తుకు రావడం మొదలైంది.

కూల్చి కట్టిన కాలం

పునరుద్ధరణ పేరిట జరిగిన పనుల్లో అత్యధిక నష్టం చేసినవి 1960, 70 దశకాల నాటివే. ఆనాటి అమెరికా పట్టణ ప్రణాళికా సిద్ధాంతం సరళమైనది. పాతబడిన నగర కేంద్రాన్ని నేలమట్టం చేసి, ఆ స్థానంలో భారీ కట్టడాలు నిలిపితే పెట్టుబడులు వాటంతట అవే వస్తాయన్నది దాని సారం. నయాగరా ఫాల్స్‌లో ఆ సిద్ధాంతానికి బలైనది ఫాల్స్ స్ట్రీట్. హోటళ్లు, సినిమా హాళ్లు, చిన్న దుకాణాలు, తినుబండారాల అంగళ్లతో జలపాతం దాకా సాగిన వీధి అది. చూడటానికి ఇరుకుగా, గందరగోళంగా ఉండేదన్నది నిజమే. కానీ పార్కు నుంచి బయటికి వచ్చిన యాత్రికుడి జేబులోని డాలరు నగరంలోకి ప్రవహించే దారి కూడా అదే.

ఆ వీధిని, చుట్టుపక్కల కట్టడాలను కూల్చివేశారు. ప్రఖ్యాత వాస్తుశిల్పి ఫిలిప్ జాన్సన్ రూపొందించిన కన్వెన్షన్ సెంటర్ 1974లో సిద్ధమైంది. 1977లో సీజర్ పెల్లీ రూపకల్పన చేసిన వింటర్ గార్డెన్ అనే గాజు ఉద్యానం వచ్చింది. 1981లో తాబేలు ఆకారంలో ఆదివాసీ కళాకేంద్రం, 1982లో రెయిన్‌బో సెంటర్ అనే షాపింగ్ మాల్ తెరుచుకున్నాయి. విడివిడిగా చూస్తే ఇవి చెప్పుకోదగ్గ కట్టడాలే. కానీ వాటి మధ్య నడవాలనిపించే వీధి లేదు, పార్కింగ్ స్థలాలు మాత్రం ఉన్నాయి. వింటర్ గార్డెన్ అయితే పాత ఫాల్స్ స్ట్రీట్‌కు అడ్డంగా నిలిచి నగరానికీ జలపాతానికీ మధ్య గోడలా తయారైంది.

ఫలితాలు త్వరగానే తేలాయి. తాబేలు కళాకేంద్రం 1995లో మూతపడి ఖాళీ భవనంగా మిగిలిపోయింది. మాల్ 2000 నాటికి వెలవెలబోయింది. వింటర్ గార్డెన్‌ను 2009లో కూల్చివేశారు.

వీటన్నిటికంటే పెద్ద గోడ నది ఒడ్డునే లేచింది. విద్యుత్ ప్రాజెక్టుతో పాటు నిర్మించిన రాబర్ట్ మోజెస్ పార్క్‌వే అనే వేగ రహదారి నది వెంట సాగి, నగరవాసులకు నదీతీరాన్ని దూరం చేసింది. యాత్రికుడు ఆ రోడ్డు మీద నగరాన్ని చూడకుండానే నేరుగా పార్కులోకి దిగి, అదే రోడ్డు మీద తిరిగి వెళ్లిపోయే వీలు కలిగింది. యాత్రికులను నగరానికి తేవడానికి కాక, నగరాన్ని తప్పించడానికే రోడ్డు వేసినట్లయింది.

ఇదే కాలంలో కెనడా ఒడ్డున 1965లో స్కైలాన్ టవర్ లేచింది. క్లిఫ్టన్ హిల్ వీధి మైనపు బొమ్మల మ్యూజియాలతో, వింత ప్రదర్శనలతో, నియాన్ దీపాలతో కళకళలాడింది. సౌందర్యప్రియులు దాన్ని ఎంత వెక్కిరించినా అది కూల్చకుండా మిగిల్చిన వీధి, రాత్రి పది గంటలకు కూడా మనుషులు నడిచే వీధి. దానికి తోడు సమీపంలోని నయాగరా ఆన్ ద లేక్‌లో నాటకోత్సవాలు, ద్రాక్షతోటలు ఉన్నాయి. ఒక రాత్రి ఉండిపోవడానికి యాత్రికుడికి అక్కడ కారణం దొరుకుతుంది.

జూదశాల తెచ్చిన డబ్బు, తెచ్చిన వివాదం

ఒంటారియో 1996లోనే కేసినో తెరిచింది. న్యూయార్క్ వైపు చేతులు ముడుచుకుని కూర్చోలేని పరిస్థితి వచ్చింది. 2002లో సెనెకా ఆదివాసీ జాతితో రాష్ట్రం ఒప్పందం కుదుర్చుకుని నగర కేంద్రంలో సుమారు 50 ఎకరాలను వారికి బదలాయించింది. ఫిలిప్ జాన్సన్ కన్వెన్షన్ సెంటర్ అదే ఏడాది డిసెంబరు 31న సెనెకా నయాగరా కేసినోగా మారింది. ఆ తర్వాత దాని పక్కనే 26 అంతస్తుల హోటల్ వెలిసింది.

నగరానికి ఉద్యోగాలు వచ్చాయి. స్లాట్ యంత్రాల ఆదాయంలో రాష్ట్రానికి దక్కే వాటా నుంచి నగరానికి నాలుగో వంతు అందింది. అయితే కేసినో భూమి సెనెకా సార్వభౌమాధికారం కిందికి వెళ్లింది కాబట్టి దాని మీదా ఆస్తి పన్ను లేదు. అతిథికి కావలసిన భోజనం, వినోదం, పడక అన్నీ ఒకే కప్పు కింద దొరుకుతాయి కాబట్టి వీధిలోకి వచ్చే అవసరమూ తక్కువ. పైగా 2017లో ఒప్పందం గడువు గురించి సెనెకా జాతికీ రాష్ట్రానికీ తగువు వచ్చి చెల్లింపులు ఆగిపోయాయి. 2022 ఆరంభంలో పరిష్కారం కుదిరేవరకు నగర బడ్జెట్ ఒడిదొడుకుల్లోనే గడిచింది. తన ప్రమేయం లేని ఒప్పందం మీద ఒక నగరం తన పోలీసుల, పారిశుద్ధ్య కార్మికుల జీతాలకు ఆధారపడటం ఎంత ప్రమాదమో ఆ అయిదేళ్లు చూపించాయి.

జనాభా 50 వేలకు తగ్గితే కొన్ని కేంద్ర నిధుల అర్హతకే ముప్పు వస్తుందన్న ఆందోళనతో 2012లో నగరం మరో ప్రయత్నం చేసింది. డౌన్‌టౌన్‌లో నివాసం ఏర్పరచుకునే పట్టభద్రుల విద్యారుణంలో రెండేళ్లపాటు మొత్తం 7 వేల డాలర్ల వరకు తానే భరిస్తానని ప్రకటించింది. ఆలోచన కొత్తదే, పత్రికల్లో ప్రచారమూ లభించింది. కానీ ఉద్యోగం లేని చోట అప్పు తీరినంత మాత్రాన యువత ఎంతకాలం ఉంటుంది? 2020 జనాభా లెక్క ఆ ప్రశ్నకు జవాబిచ్చింది.

అడ్డు తొలగించే పని

గత దశాబ్దంలో పునరుద్ధరణ వ్యూహం మారింది. కొత్త అద్భుతాలు కట్టడం కంటే పాత అడ్డంకులు తొలగించడం మేలన్న ఆలోచనకు బలం వచ్చింది. పార్క్‌వేకు 2016లో రాబర్ట్ మోజెస్ పేరు తీసివేశారు. తర్వాత జలపాతానికి ఉత్తరాన సుమారు మూడు కిలోమీటర్ల రోడ్డునే పూర్తిగా తొలగించారు. 2020 నాటికి ఆ స్థానంలో నడకదారులు, సైకిల్ బాటలు, పచ్చిక మైదానాలు వచ్చాయి. నదికి నాలుగు వీధుల దూరంలో పుట్టి పెరిగినా నదిని చూడాలంటే వేగ రహదారి దాటాల్సిన తరాలకు ఇప్పుడు నేరుగా ఒడ్డుకు నడిచే దారి దొరికింది. నూట ముప్పై ఏళ్ల కిందట ఓమ్‌స్టెడ్ కోరుకున్న తీరానికి ఇది దగ్గరగా ఉంది. పార్కులో కూడా నడకదారులను, తోటలను పునరుద్ధరించారు. 2023లో కొత్త సందర్శక కేంద్రం ప్రారంభమైంది.

మూతపడిన మాల్‌లో కొంత భాగంలో 2012లో స్థానిక కమ్యూనిటీ కళాశాల పాకశాస్త్ర విద్యాసంస్థను నెలకొల్పింది. విద్యార్థులు వండిన భోజనం కోసం జనం రావడం మొదలైంది. ఖాళీ మాల్‌కు వంటల బడి కన్నా మంచి వినియోగం దొరకడం కష్టం. అది ఏడాది పొడవునా మనుషులను తెస్తుంది, వారికి పని నేర్పుతుంది, జలపాతం మీద ఆధారపడదు.

నగరానికి తనదైన కథ ఒకటి ఉందన్న స్పృహ కూడా పెరిగింది. బానిసత్వపు రోజుల్లో దక్షిణాది నుంచి పారిపోయి వచ్చిన నల్లజాతివారికి కెనడా చేరడానికి ఈ నదే ఆఖరి గడప. జలపాతం పక్కన ఉండిన కెటరాక్ట్ హౌస్ హోటల్‌లోని నల్లజాతి వడ్డన కార్మికులు వారిని రహస్యంగా నది దాటించేవారు. ఆ హోటల్ 1945లో కాలిపోయింది. 1863 నాటి కస్టమ్స్ భవనంలో, కొత్త రైల్వే స్టేషన్‌ను ఆనుకుని, 2018లో ఆ చరిత్రకు మ్యూజియం ఏర్పడింది. జలపాతానికి కొంత దూరంలో, నగరపు మరో కొసన ఉండటమే దీని ప్రయోజనం. దాన్ని చూడాలంటే నగరం గుండా వెళ్లాలి.

కెనడా ఒడ్డు కూడా ఇదే పాఠాన్ని తన పద్ధతిలో నేర్చుకుంది. 1905 నాటి విద్యుత్ కేంద్రం 2006లో ఉత్పత్తి ఆపేసింది. నయాగరా పార్క్స్ దాన్ని ప్రదర్శనశాలగా మార్చి 2021లో తెరిచింది. మరుసటి ఏడాది దాని కింద ఉన్న సొరంగంలోకీ సందర్శకులను అనుమతించింది. జలపాతం కింది అంచు దాకా నడిపించే సొరంగం అది. అమెరికా ఒడ్డున ఆడమ్స్ కేంద్రంలో మిగిలినది ఒక చిన్న కట్టడమే. మిగతాదంతా కూల్చేశారు.

భారతీయ యాత్రికులు, వీసా గీత

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు స్వదేశం నుంచి వచ్చిన తల్లిదండ్రులను తీసుకెళ్లే ప్రదేశాల్లో నయాగరా ముందు వరుసలో ఉంటుంది. ఇక్కడ ఒక చిన్న నిబంధన అమెరికా ఒడ్డుకు కలిసివస్తుంది. భారతీయ పాస్‌పోర్టుపై అమెరికా పర్యాటక వీసా మాత్రమే ఉన్నవారు రెయిన్‌బో వంతెన దాటాలంటే కెనడా వీసా విడిగా పొందాలి. గ్రీన్‌కార్డు ఉన్న పిల్లలకు ఆ అవసరం లేదు, తల్లిదండ్రులకు ఉంది. ఫలితంగా కుటుంబమంతా అమెరికా ఒడ్డునే ఉండిపోతుంది. జలపాతానికి నడిచి వెళ్లే దూరంలోని వీధుల్లో భారతీయ రెస్టారెంట్లు వరుసగా కనిపించడం వెనుక ఈ సరిహద్దు గీత పాత్ర కూడా ఉంది. నగరం పెద్ద ప్రణాళికలేవీ వేయకుండానే, చిన్న వ్యాపారుల చొరవతో పాత ఫాల్స్ స్ట్రీట్ చేసిన పనిలో కొంత ఈ భోజనశాలలు చేస్తున్నాయి.

కోవిడ్ కాలంలో 2020 మార్చి నుంచి ఏడాదిన్నరకు పైగా సరిహద్దు మూతపడినప్పుడు రెండు ఒడ్లూ ఒకదాని మీద ఒకటి ఎంత ఆధారపడ్డాయో తెలిసివచ్చింది.

తేలని ప్రశ్నలు

నగర కేంద్రంలో కూల్చివేతల తర్వాత మిగిలిన ఖాళీ స్థలాల్లో పెద్ద భాగం ఒక ప్రైవేటు కంపెనీ చేతిలో దశాబ్దాలుగా ఉంది. అందులో కొంత సేకరించి క్రీడావేదిక, పార్కు నిర్మించాలని నగరపాలక సంస్థ, డేటా సెంటర్ కడతామని కంపెనీ పట్టుబట్టడంతో వ్యవహారం కోర్టులకెక్కింది. ఒకప్పుడు చౌక విద్యుత్తు కర్మాగారాలను రప్పించినట్లే ఇప్పుడు కంప్యూటర్ సర్వర్లను రప్పించవచ్చు. అయితే కర్మాగారం వేల మందికి జీతమిచ్చింది. సర్వర్ల గదికి అంతమంది అక్కర్లేదు.

మరో వాయిదా పడిన పని పార్కులోనే ఉంది. గోట్ ఐలాండ్‌కు వెళ్లే 1901 నాటి రెండు రాతి వంతెనలు బలహీనపడటంతో 2004లో వాటి మీదుగా తాత్కాలిక ఉక్కు వంతెనలు వేశారు. శాశ్వత వంతెనలు కట్టాలంటే అమెరికన్ జలపాతాన్ని కొన్ని నెలలపాటు పూర్తిగా ఆపాలి. రాళ్ల పరిశీలన కోసం 1969 జూన్ నుంచి నవంబరు వరకు సైనిక ఇంజినీర్లు అడ్డుకట్ట వేసి ఒకసారి అలా ఆపారు. నీరు లేని జలపాతాన్ని చూడటానికి జనం అప్పుడు ప్రత్యేకంగా తరలివచ్చారు. ఆ ప్రతిపాదనను 2016లో ప్రజల ముందు పెట్టారు గానీ నిధులు కుదరక ముందుకు సాగలేదు. అందుకు సిద్ధమయ్యేలోగా, ఎండిన జలపాతాన్ని చూడవచ్చే లక్షల మంది ఆ రాత్రి ఎక్కడ బస చేస్తారో నగరమే తేల్చుకోవాల్సి ఉంది.